వెయ్యి రూపాయల లోపు రెడ్ వైన్: పెట్టిన డబ్బుకు గిట్టుబాటో కాదో ఎలా తేల్చుకోవాలి?

అమలాపురం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. సంక్రాంతికి హైదరాబాదు, బెంగళూరు నుంచి బావమరుదులు వస్తారట. వాళ్లకు రెడ్ వైన్ అలవాటు, ఈయనకు అంతగా తెలియదు. సీసాకు వెయ్యి రూపాయలు, మహా అయితే పన్నెండు వందలు పెట్టగలరు. షాపులో ఐదారు రకాలు కనిపిస్తే ఏది తీసుకోవాలి, రుచి చూసి మంచీ చెడూ చెప్పడం మామూలు మనిషి నేర్చుకోగలడా, ఇవన్నీ మానేసి ఫారిన్ సీసా ఒక్కటి కొంటే సరిపోదా అని అడిగారు.

నేను నాసిక్‌లో ఒక వైనరీ టేస్టింగ్ రూములో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు రావులపాలెంలో స్థిరపడ్డాను. చవక వైన్ అంటే నాకు చిన్నచూపు లేదు. నిజానికి రుచి చూడటం నేర్చుకోవాలంటే చవక వైనే మేలు. దానిలో లోపాలు ఎక్కువసేపు దాక్కోవు, మంచి గుణం ఉంటే అదీ దాక్కోదు. మీ ప్రశ్నకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, మన డెల్టాలో చవక రెడ్ వైన్ విలువను అన్నిటికంటే ముందు తినేసేది ఎండ. పేరు, దేశం, ధర ఆ తర్వాత చూసుకోవచ్చు. తాజాగా ఉన్న ఏడు వందల సీసా, రెండు వేసవులు షాపులో నిలబడ్డ పదిహేను వందల సీసా కంటే ఎప్పుడూ మేలే.

వైన్ నిల్వకు 12 నుంచి 15 డిగ్రీల చల్లదనం అనుకూలం. పాతిక డిగ్రీల దగ్గర మామూలు సీసా కొన్ని నెలలు ఓర్చుకుంటుంది. ముప్ఫై దాటిన వేడిలో వారాల తరబడి ఉంటే ముందు పండు వాసన పోతుంది, తర్వాత ఉడికిన జాము వాసన మొదలవుతుంది, చివరికి రంగు గోధుమ వైపు తిరుగుతుంది. రాజమండ్రిలో మే నెలలో నలభై దాటడం మామూలే. కోనసీమలో కొబ్బరితోటల నీడ ఉన్నా ఉక్క వదలదు. రాత్రి షట్టరు దించేశాక షాపులోని వేడి ఎటూ పోదు. పైగా మన షాపుల్లో గబగబా కదిలేది బ్రాందీ, విస్కీ, బీరు. వైన్‌కు అడిగేవాళ్లు తక్కువ కాబట్టి ఆ సీసా పై అరలో, ట్యూబులైటు పక్కన, రేకుల కప్పు కింద నెలలు నెలలు ఉండిపోతుంది. బ్రాందీకి ఆ వేడి పెద్ద లెక్క కాదు, అందులో ఆల్కహాలు 42.8 శాతం. వైన్‌లో ఉండేది 12 నుంచి 14 శాతమే. అది వేడికి త్వరగా పాడవుతుంది.

అందుకే కొనేటప్పుడు చేయాల్సిన పని చాలా వరకు మూత తీయకముందే ఉంటుంది. ముందు లేబులు మీద సంవత్సరం చూడండి. అది ద్రాక్ష కోసిన ఏడాది. వెయ్యి లోపు రెడ్ వైన్ దాచుకోవడానికి చేసినది కాదు, కోసిన ఏడాది నుంచి రెండు మూడేళ్లలో తాగేయాలి. నాసిక్ వైపు ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి మధ్య జరుగుతుంది. యూరప్‌లో సెప్టెంబరు, అక్టోబరు. కాబట్టి రెండు సీసాల మీద ఒకే సంవత్సరం ఉన్నా మనది ఏడెనిమిది నెలలు పెద్దది. చాలా మన సీసాల వెనక బ్యాచ్ నంబరు, నింపిన తేదీ కూడా ఉంటాయి. నింపిన తర్వాత ఎన్ని వేసవులు దాటిందో లెక్క వేసుకోండి. ఒక్క వేసవి కూడా దాటకపోతే ఆ సీసాకు మొదటి మార్కు పడినట్టే. మీ ప్రశ్న సంక్రాంతి గురించి కాబట్టి అదృష్టవంతులు. వర్షాకాలం తర్వాత దిగిన పెట్టెలు అప్పటికి షాపుల్లో ఉంటాయి. షాపు కుర్రాణ్ని "ఈ పెట్టె ఎప్పుడు దిగింది?" అని అడగండి. వాళ్లు మామూలుగా నిజమే చెబుతారు. అరలో ఉన్న సీసా వద్దు, గోడౌన్‌లోంచి పెట్టె విప్పి ఇవ్వమనండి.

తర్వాత సీసాను చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎత్తి చూడండి. కార్కు ఉన్న సీసా అయితే మూత మీది రేకును వేలితో తడమండి. కార్కు అంచు కంటే పైకి ఉబ్బి ఉంటే లోపలి వైన్ వేడికి వ్యాకోచించి దాన్ని తోసిందని అర్థం. మెడ చుట్టూ జిగటగా ఉన్నా, ఎండిపోయిన ఎర్రటి చార కనిపించినా తీసుకోవద్దు. పక్కపక్కన ఉన్న సీసాల్లో ఒకదానిలో వైన్ మట్టం కిందికి ఉంటే దాన్నీ వదిలేయండి. మరమూత, అంటే తిప్పి తీసే స్క్రూ క్యాప్ ఉన్న సీసాను చవకబారుదని చాలామంది పక్కన పెడతారు. ఈ ధరలో నేను దానికే మొగ్గుతాను. కార్కు వల్ల వచ్చే తడిసిన అట్టపెట్టె వాసన బెడద దానికి లేదు, ఉక్కకు మూత వదులవదు, కార్కు తీసే సాధనం కోసం పండగపూట ఊరంతా వెతకక్కర్లేదు. అడుగున గుంట లోతుగా ఉంటే మంచి వైన్ అన్న మాట మాత్రం నమ్మకండి. బరువైన సీసా అంటే గాజు ఖర్చు ఎక్కువని, అంతే.

ఇక ఫారిన్ సీసా సంగతి. దిగుమతి వైన్ మీద మన దేశంలో కస్టమ్స్ సుంకం ఏళ్ల తరబడి 150 శాతం ఉంటూ వచ్చింది. మన రేవుకు చేరేసరికి మూడు వందలు పడిన సీసా సుంకంతోనే ఏడు వందల యాభై అవుతుంది. దాని మీద దిగుమతిదారు లాభం, రాష్ట్ర ఎక్సైజ్ పన్ను, షాపు మార్జిన్ వేసుకోండి. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 డిసెంబరు 29 నుంచి అమల్లోకి వచ్చి సుంకం కొంత తగ్గింది. అయితే ఆ తగ్గింపు సీసా దిగుమతి ధర 5 డాలర్లు దాటితేనే వర్తిస్తుంది. అంటే అన్నిటికంటే చవక రకానికి అది అందలేదు. కాబట్టి మన షాపులో పదిహేను వందలు పలికే ఫ్రెంచి, ఇటలీ సీసా ఆ దేశంలో సూపర్ మార్కెట్ కింది అరలో ఉండే వైనే. ఓడలో, లారీలో వేడి తిన్న ప్రయాణం దానికి అదనం. అదే డబ్బులో మహారాష్ట్రలోని నాసిక్, అక్లూజ్, కర్ణాటకలోని నంది హిల్స్ ప్రాంతాల వైన్ అయితే మీ రూపాయల్లో ఎక్కువ వాటా ద్రాక్షకు చేరుతుంది. సూలా, ఫ్రటెల్లి, గ్రోవర్ జంపా లాంటి మన కంపెనీల పేర్లు ఇప్పుడు మన పట్టణాల్లో కూడా కనిపిస్తున్నాయి. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు షాపులు వచ్చాక కాకినాడ, రాజమండ్రి, భీమవరం వైపు ఎంచుకునే వీలు పెరిగింది. వెయ్యి లోపు అయితే మనదే కొనండి అని నిస్సంకోచంగా చెబుతాను. పద్దెనిమిది వందలు, రెండు వేలు దాటాక చిలీ, ఆస్ట్రేలియా సీసాలతో పోటీ మొదలవుతుంది.

ఇక్కడ యానాం మాట రాకుండా ఉండదు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనలో ఉన్న ఊరు కాబట్టి అక్కడ వైన్ గొప్పగా ఉంటుందని కొందరి నమ్మకం. పుదుచ్చేరి పన్నుల వల్ల అక్కడ ధర తక్కువన్నది నిజం. అక్కడి షాపుల్లోనూ కదిలేది బీరు, బ్రాందీలే, గౌతమి ఒడ్డున కూడా ఎండ ఎండే. పర్మిట్ లేకుండా ఆంధ్రాలోకి తెస్తే ఎక్సైజ్ కేసు. రెండు మూడు వందల తేడా కోసం ఎదుర్లంక వారధి మీద టెన్షన్ పడాల్సిన పని లేదు.

ఇంకో జాగ్రత్త. మన దగ్గర బాగా చవకగా దొరికే "పోర్ట్" అన్న పేరున్న సీసాలు తియ్యటి వైన్. పోర్చుగల్‌లో చేసే అసలు పోర్ట్ దారి వేరు. అక్కడ ద్రాక్షరసం పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష స్పిరిట్ కలిపి ఆపేస్తారు, తీపి మిగిలిపోతుంది, ఆల్కహాలు 20 శాతం దరిదాపుల్లో ఉంటుంది. మీ బావమరుదులు తాగేది తీపి లేని వైన్, షాపులో "డ్రై" అని అడగాలి.

రుచి చూడటం దగ్గరకు వద్దాం. పండక్కి ముందే రెండు మూడు రకాలు ఒక్కో సీసా తెచ్చి, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక సాయంత్రం తేల్చుకోండి. అందరికీ ఒకే రకం గాజు గ్లాసులు ఉండాలి. స్టీలు గ్లాసు, పేపరు కప్పు పనికిరావు. వైన్‌ను రూము టెంపరేచర్‌లో ఇవ్వాలన్న మాట చలిదేశపు గదుల గురించి చెప్పినది. రెడ్ వైన్‌కు 16 నుంచి 18 డిగ్రీలు సరైన చల్లదనం. మన గది ముప్ఫై ఉంటే అందులో పెట్టిన వైన్‌లో స్పిరిట్ ఘాటు తప్ప ఏమీ తెలియదు. బకెట్లో ఐసు, నీళ్లు సగం సగం పోసి పావుగంట ఉంచితే సరిపోతుంది. ఫ్రిజ్‌లో అయితే గంట, గంటన్నర పడుతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచిన సీసా తీసి వెంటనే పోస్తే వాసన మూసుకుపోతుంది, వగరు మరీ ఎక్కువగా తగులుతుంది. అది కాసేపు బయట ఉండాలి.

సీసాలకు వార్తాపత్రిక చుట్టి, మెడ దగ్గర రబ్బరు బ్యాండు వేసి, అంకెలు రాయండి. ధర తెలిస్తే నాలుక మాట మారుస్తుంది. కాలిఫోర్నియా పరిశోధకులు 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదని, ఇంకోసారి 90 డాలర్లదని చెప్పి ఇచ్చారు. 90 అని చెప్పినప్పుడే ఎక్కువ నచ్చిందన్నారు, మెదడు స్కానులో కూడా ఆనందం ఎక్కువగా కనిపించింది. అంటే వాళ్లు అబద్ధం చెప్పలేదు, నిజంగానే అలా అనిపించింది. బెంగళూరు బావగారికైనా, నాకైనా అదే జరుగుతుంది. కాగితం చుట్టడం ఒక్కటే దానికి మందు.

గ్లాసులో మూడో వంతు కంటే తక్కువ పోసి, తెల్ల కాగితం మీదికి వంచి అంచు చూడండి. కొత్త వైన్ అంచు ఊదా రంగులో, నేరేడు పండు కొరికిన నాలుకలా ఉంటుంది. ఇటుక రంగు, గోధుమ రంగు కనబడితే అది వయసయినా కావచ్చు, వేడి అయినా కావచ్చు. లేబులు మీద నిరుటి సంవత్సరం ఉండి అంచు ఇటుక రంగులో ఉంటే మాత్రం ఎండ దెబ్బే. గ్లాసు కదపకుండా ఒకసారి, తిప్పి ఒకసారి వాసన చూడండి. కాల్చిన అగ్గిపుల్ల వాసన వస్తే గాభరా పడకండి, అది గంధకం వల్ల, రెండు నిమిషాలు తిప్పితే పోతుంది. నెయిల్ పాలిష్, వెనిగర్ వాసన పోదు. ఉడికిన జాము, ఎండుద్రాక్ష వాసన తప్ప ఇంకేమీ రాకపోతే సీసా వేడికి దెబ్బతిన్నట్టే. షిరాజ్ అనే ద్రాక్షతో చేసినదైతే మిరియం వాసన రావాలి. ఆ ద్రాక్ష తొక్కలో, మన మిరియంలో ఉండే వాసన పదార్థం ఒకటే. క్యాబర్నే అనే ఇంకో ద్రాక్ష రకం వైన్‌లో పచ్చి క్యాప్సికం వాసన బాగా ఎక్కువగా ఉంటే ద్రాక్ష పూర్తిగా పండకముందే కోశారని అర్థం. కొన్నింటిలో కోనసీమ వాళ్లకు బాగా తెలిసిన కొబ్బరి వాసన, వెనిల్లా వాసన తగులుతాయి. అవి ద్రాక్షవి కావు, వైన్‌ను నిల్వ ఉంచే పీపాల ఓక్ చెక్కవి. ముఖ్యంగా అమెరికా ఓక్‌లో ఆ కొబ్బరి వాసన ఇచ్చే పదార్థం ఎక్కువ. పీపాలు ఖరీదు కాబట్టి చవక వైన్‌లో ఓక్ చెక్క ముక్కలు నానబెడతారు. అది తప్పు కాదు. కానీ పండు వాసనను కప్పేసేంత చెక్క వాసన ఉంటే కింద పండు బలహీనంగా ఉందని నేను అనుమానిస్తాను.

ఇప్పుడు ఒక గుక్క తీసుకుని నోరంతా తిప్పి, కాసేపు ఉంచి, పక్కన పెట్టుకున్న చెంబులో ఉమ్మేయండి. మూడు నాలుగు రకాలు చూడాలంటే ఉమ్మక తప్పదు, మూడో గ్లాసుకు తీర్పు పోతుంది. నోటిలో నాలుగు సంగతులు చూడాలి. పులుపు, వగరు, ఆల్కహాలు వేడి, పండు రుచి. పులుపు నాలుక పక్కల నీరు ఊరిస్తుంది. వగరు చిగుళ్లను, బుగ్గలను ఆరబెడుతుంది. ఆల్కహాలు గొంతులో వెచ్చగా దిగుతుంది. మంచి చేపల పులుసులో చింతపండు, ఉప్పు, కారం విడివిడిగా నాలుకకు తగలనట్టే, మంచి వైన్‌లోనూ ఈ నాలుగూ కలిసిపోయి ఉంటాయి. వెయ్యి లోపు సీసాలో గొప్ప రుచులు వెతకకండి, ఈ కలయిక ఉందా లేదా చూడండి. వేడి ప్రాంతాల ద్రాక్షలో సహజంగా పులుపు తగ్గుతుంది కాబట్టి టార్టారిక్ యాసిడ్ కలుపుతారు. అది సరిగ్గా కలవకపోతే పండు ఒకపక్క, పులుపు ఒకపక్క తెలుస్తాయి. వైన్ మొదట్లో బాగుండి మధ్యలో నీళ్లలా ఖాళీగా అనిపిస్తే తీగకు కాయలు ఎక్కువ వదిలేశారని అనుకోవచ్చు.

ఉమ్మేశాక లోపల అంకెలు లెక్కపెట్టండి. పండు రుచి మూడు నాలుగు అంకెల్లో మాయమైతే మామూలు సీసా. ఎనిమిది, పది దాకా నిలిస్తే ఆ ధరకు అది చాలా మంచి సీసా. చేదు, ఘాటు నిలిస్తే అది లెక్కలోకి రాదు.

మొదటి గుక్కకు మోసపోకండి. ఈ మాట గట్టిగా చెప్పాలి. చవక వైన్‌లో లోపాలు కప్పడానికి చేసే సులువైన పని కాస్త తీపి మిగల్చడం. మొదటి గుక్క మెత్తగా, ముద్దుగా ఉంటుంది, అందరూ దానికే ఓటేస్తారు. అరగ్లాసు తాగేసరికి నోరు జిగటెక్కి, ఇంక చాలనిపిస్తుంది. అందుకే నేను మొదటి గుక్కకు మార్కులు వేయను. చిన్న గ్లాసు పూర్తయ్యాక, పక్కన అన్నం కంచం పెట్టుకుని వేస్తాను. వందకు ఇన్ని మార్కులనే లెక్క కూడా వాడను. "ఇదే ధరకు మళ్లీ కొంటానా?" అని అడుగుతాను. అవును, కాదు, ఇంకో వంద తక్కువైతే కొంటాను. ఈ మూడే నా మార్కులు.

అన్నం కంచం అన్నాను కదా, మన తిండితో చూస్తే తీర్పు చాలా మారుతుంది. కారం ఎక్కువైతే ఆల్కహాలు మంట, వగరు రెండూ పెరుగుతాయి. కాబట్టి గుంటూరు కారం దట్టించిన వేపుడు పక్కన 14 శాతం క్యాబర్నే పెడితే ఎంత మంచి సీసా అయినా ఓడిపోతుంది. ఉప్పు, కొవ్వు వగరును తగ్గిస్తాయి. నాటుకోడి పలావు, వేటమాంసం ఇగురు, జీడిపప్పు వేసిన కూరలు రెడ్ వైన్‌కు బాగా కలుస్తాయి. గుత్తి వంకాయ కూర కూడా, కొబ్బరి, నువ్వులు ఉంటాయి కాబట్టి. చింతపండు పులుసు తింటే వైన్‌లో పులుపు చచ్చిపోయి చప్పబడుతుంది. చేపలతో సమస్య ఇంకా పెద్దది. రెడ్ వైన్‌లోని ఇనుము చేప కొవ్వుతో కలిసి నీచు రుచి తెస్తుందని జపాన్ పరిశోధకులు తేల్చారు. పులస పులుసు పక్కన రెడ్ వైన్ పెడితే రెండూ పాడవుతాయి, అంత డబ్బు పోసి కొన్న చేపకు అన్యాయం చేయకండి. పూతరేకులు, కాజాలతో కూడా వద్దు. తీపి తిన్న నోటికి డ్రై వైన్ పుల్లటి నీళ్లలా ఉంటుంది.

ఇక తప్పక చేయాల్సిన పరీక్ష రెండో రోజుది. ప్రతి సీసాలో సగం మిగిల్చి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు సాయంత్రం తీసి, కాస్త చల్లదనం తగ్గాక మళ్లీ చూడండి. ఓక్ వాసనతో, తీపితో నెట్టుకొచ్చిన వైన్ అప్పటికి చప్పగా అయిపోతుంది. ద్రాక్షలో సత్తా ఉన్నది అలాగే నిలుస్తుంది, ఒక్కోసారి వగరు తగ్గి ముందురోజు కంటే బాగుంటుంది. ఇంట్లో ఒకరిద్దరే తాగేవాళ్లుంటే విలువ అనేది ఇక్కడే తేలుతుంది. సీసా 750 మిల్లీలీటర్లు, అంటే ఐదు గ్లాసులు. మూడు గ్లాసులు పారబోయాల్సి వస్తే ఏడు వందల సీసా మీకు చాలా ఖరీదైనది. నాలుగు రోజులు దాటితే తాగకండి, వేటమాంసం ఉడికేటప్పుడు అరగ్లాసు పోయండి, బాగుంటుంది.

మీ ప్రశ్నకు నేరుగా చెప్పాల్సింది ఇదీ. డిసెంబరులో మన దేశపు షిరాజ్ ఒకటి, క్యాబర్నే షిరాజ్ కలిపినది ఒకటి, మెర్లో అనే ద్రాక్షది దొరికితే అదొకటి కొనండి. మూడూ ఎనిమిది వందలు, వెయ్యి మధ్యవి, వీలైతే మరమూతవి. పైన చెప్పినట్టు కాగితం చుట్టి, కోడి పలావుతో ఒక పూట, మర్నాడు ఇంకో పూట చూడండి. గెలిచినదాన్ని భోగికి వారం ముందు అదే షాపులో, అదే పెట్టెలోంచి నాలుగో ఐదో సీసాలు తీసుకోండి. ఇంట్లో వంటింటికి దూరంగా, కింది గదిలో, మంచం కింద పడుకోబెట్టండి. వంటింటి అటక మీద, ఫ్రిజ్ పైన, కారు డిక్కీలో వద్దు. జనవరిలో కూడా మధ్యాహ్నం ఎండలో ఆపిన కారు డిక్కీ బాగా వేడెక్కుతుంది. బావమరుదులకు పోసేటప్పుడు మొదటి రోజు కాగితం తీయకుండానే పోయండి. వాళ్లు రుచి చెప్పాక ధర చెప్పండి.